డోనల్ మనవలు: డోనెగాల్ నుంచి మాడ్రిడ్ దాకా

అందరికీ నమస్కారం.

మాడ్రిడ్ మెట్రోలో ఆరో నంబరు లైను ఎక్కితే ఓడొనెల్ అనే స్టేషన్ వస్తుంది. అక్కడే అదే పేరుతో పెద్ద వీధి కూడా ఉంది. ఆ పేరు స్పెయిన్‌ది కాదు, ఐర్లండ్ వాయవ్య మూలన ఉన్న డోనెగాల్‌ది. ఐరిష్ భాషలో ‘ఓ’ అంటే మనవడు, ఆ వంశం వాడు అని. మన ఇంటిపేర్లు చాలావరకు ఊరి పేరు చెబుతాయి. వాళ్లవి తాత పేరు చెబుతాయి. ఓడొనెల్ అంటే డోనల్ మనవలు. ఊరు చేజారినా తాతను ఎవరూ లాక్కోలేరు కదా, ఆ పేరు వాళ్ల వెంటే సముద్రం దాటింది.

డోనెగాల్‌ను ఏలిన ఈ వంశంలో నా మనసుకు దగ్గరైనవాడు ఎర్ర హ్యూ. జుట్టు రంగును బట్టి వచ్చిన పేరది. 1587లో, అతనికి ఇంకా పదిహేనేళ్లు నిండకముందే, రాత్‌ముల్లన్ తీరానికి ద్రాక్షసారా అమ్మే ఓడలా నటిస్తూ ఒక ఓడ వచ్చింది. విందుకని పిలిచి, ఓడ ఎక్కాక బంధించి, డబ్లిన్ కోట జైల్లో పెట్టారు. ఓడొనెల్ వారసుడు చేతిలో ఉంటే డోనెగాల్ తల వంచుతుందని ఇంగ్లీషు పాలకుల లెక్క. ఒకసారి పారిపోయి దొరికిపోయాడు. 1592 జనవరి మొదట్లో మళ్లీ తప్పించుకున్నాడు. డబ్లిన్‌కు దక్షిణాన ఉన్న విక్లో కొండల్లో మంచు. వెంట వచ్చిన ఆర్ట్ ఓనీల్ చలికి అక్కడే ప్రాణం విడిచాడు. హ్యూ బతికాడు కానీ, మంచుకు చచ్చుబడిన రెండు కాళ్ల బొటనవేళ్లనూ తీసేయాల్సి వచ్చింది. ఈ బొటనవేళ్ల సంగతి కాస్త గుర్తుంచుకోండి.

అదే ఏడాది అతను వంశానికి నాయకుడయ్యాడు. వాళ్ల దగ్గర ‘కాహక్’ అనే గ్రంథం ఉండేది. తోలు మీద రాసిన కీర్తనల ప్రతి, ఐరిష్ క్రైస్తవ సన్యాసి సెయింట్ కొలంబా స్వహస్తాలతో రాశాడని నమ్మకం. ‘కాహక్’ అంటే పోరాడేది అని అర్థం. యుద్ధానికి ముందు దాన్ని సైన్యం చుట్టూ మూడుసార్లు తిప్పేవారు, అదీ కుడివైపుగా. మన గుళ్లో ప్రదక్షిణ చేసినట్టే! ఈ సంగతి మొదటిసారి చదివినప్పుడు నాకు ఒళ్లు పులకరించింది. ఆ పుస్తకం ఇప్పుడు డబ్లిన్‌లోని రాయల్ ఐరిష్ అకాడమీలో ఉంది. 58 ఆకులు మిగిలాయి.

1601లో, ఇంగ్లీషువాళ్లతో పోరాడుతున్న హ్యూ పక్షానికి సాయంగా స్పెయిన్ సైన్యం ఐర్లండ్ దక్షిణ తీరాన ఉన్న కిన్సేల్‌లో దిగింది. హ్యూ నడి చలికాలంలో దేశం ఆ కొస నుంచి ఈ కొస దాకా మనుషుల్ని నడిపించుకొచ్చాడు. కానీ ఓడిపోయారు. మరింత సైన్యం అడగడానికి అతను స్పెయిన్ వెళ్లాడు. రాజు మూడో ఫిలిప్ ఆదరించాడు, మాట ఇచ్చాడు. సైన్యం మాత్రం కదల్లేదు. ఎదురుచూస్తూనే 1602 సెప్టెంబరు 10న సిమాంకాస్‌లో జబ్బుతో కన్నుమూశాడు. విషం పెట్టారన్న పుకారు చాలాకాలం నడిచింది. నిండా ముప్పై ఏళ్లు కూడా లేవు. వల్లడోలిడ్‌లో ఫ్రాన్సిస్కన్ మఠంలో రాజలాంఛనాలతో సమాధి చేశారు. కొలంబస్‌ను 1506లో మొదట పూడ్చింది కూడా ఆ మఠంలోనే.

హ్యూకు పిల్లల్లేరు. అందుకే స్పెయిన్ ఓడొనెల్‌లను అతని వారసులు అనడం సరికాదు. వాళ్లు అతని పెదనాన్న కాల్వా శాఖ వాళ్లు. సొంతగడ్డ మీద ఈ రెండు శాఖలకూ పడేది కాదు. పరాయి దేశంలో ఇద్దరూ ఒక్క పేరు కింద నిలబడ్డారు. స్పెయిన్ సైన్యంలో హిబెర్నియా, అల్టోనియా లాంటి ఐరిష్ రెజిమెంట్లు ఉండేవి. ఓడొనెల్‌లు కూడా తరాలపాటు అక్కడ సైనికులుగానే ఎదిగారు.

ఆ శాఖలో పుట్టినవాడే లియోపోల్దో ఓడొనెల్. 1809లో టెనెరిఫ్ దీవిలో పుట్టి, స్పెయిన్‌కు మూడుసార్లు ప్రధాని అయ్యాడు. 1860లో మొరాకోలోని టెటువాన్ పట్టణాన్ని గెలిచి, టెటువాన్ డ్యూక్ బిరుదు పొందాడు. మాడ్రిడ్ పార్లమెంటు మెట్ల పక్కనున్న రెండు కంచు సింహాలను ఆ యుద్ధంలో పట్టుకున్న ఫిరంగులు కరిగించి పోతపోశారు. ఇక్కడ నా మనసు ఒప్పుకోని విషయం ఒకటుంది. సొంత ఊళ్లు పరాయి సైన్యం చేతిలో పోగొట్టుకున్న వంశానికి, ఇంకొకరి ఊరు గెలిచినందుకు బిరుదు వచ్చింది. ఈ వంశం కథ చెప్పేటప్పుడు దీన్ని దాటేయడం నాకు ఇష్టం లేదు.

ఇక బొటనవేళ్ల దగ్గరికి వద్దాం. ఆ మఠాన్ని 19వ శతాబ్దంలో కూల్చేశారు, సమాధి జాడ పోయింది. 2020లో వల్లడోలిడ్ నడిబొడ్డున ఒక వీధిని తవ్వారు. ఆ మఠంలోని చాపెల్ (ప్రార్థన మందిరం) గోడలు బయటపడ్డాయి, అస్థిపంజరాలూ దొరికాయి. తవ్వేవాళ్లు ఒక్కో పాదాన్నీ జాగ్రత్తగా చూశారు. నాలుగు వందల ఏళ్ల కిందట విక్లో మంచు చేసిన గాయమే అతన్ని గుర్తుపట్టడానికి వాళ్లకున్న ఆనవాలు. ఇతనే హ్యూ అని తేల్చగలిగిన అస్థిపంజరం ఒక్కటీ దొరకలేదు. ఆ తర్వాత ఊరివాళ్లు, ఐర్లండ్ నుంచి వచ్చినవాళ్లు కలిసి, 1602 నాటి అంతిమయాత్రను అవే వీధుల్లో మళ్లీ నడిపించారు.