ఆఫీసు ఫోన్లకు ఐఎస్‌డీ తాళం: సున్నాల లెక్క

శ్రోతలకు నమస్కారం. ఆఫీసుల్లో, ఆసుపత్రుల్లో, హోటళ్లలో ఏదో ఒక మూల గోడకు బిగించిన పెట్టె ఒకటి ఉంటుంది. దాన్ని ఈపీఏబీఎక్స్ అంటారు. బయటి నుంచి వచ్చే కొద్దిపాటి లైన్లను లోపలి ఎక్స్‌టెన్షన్లన్నిటికీ పంచేది అదే. ఏ ఫోన్ నుంచి ఎంతదూరం మాట్లాడనివ్వాలో తేల్చేదీ అదే. ఆ హద్దులు ఎలా పెట్టాలో ఈ పూట చెప్పుకుందాం.

ఒకప్పుడు ఇది తేలికైన పని. ముందు ఒక సున్నా ఉంటే ఎస్‌టీడీ, అంటే దేశంలోనే వేరే ఊరి కాల్. రెండుంటే ఐఎస్‌డీ, అంటే విదేశీ కాల్. సున్నాను ఆపేస్తే రెండూ ఆగిపోయేవి, లోకల్ కాల్స్ నడిచేవి. 2021 జనవరి 15 నుంచి పరిస్థితి మారింది. ల్యాండ్‌లైన్ నుంచి సెల్‌ఫోన్‌కు ఎవరు చేసినా ముందు సున్నా కొట్టాల్సిందే. పాత తాళం అలాగే ఉంచితే సెల్‌ఫోన్లకు కాల్ పోదు. విసుగొచ్చి తాళం మొత్తం తీసేస్తే ఐఎస్‌డీ కూడా తెరుచుకుంటుంది.

సెల్‌ఫోన్లకు వదిలి ఎస్‌టీడీ మాత్రం ఆపుదామని కొందరు చూస్తారు. సెల్ నంబర్లు 6, 7, 8, 9 అంకెలతో మొదలవుతాయి కాబట్టి 06 నుంచి 09 వరకు అనుమతిస్తే చాలనుకుంటారు. కానీ విజయవాడ కోడ్ 0866, విశాఖపట్నం 0891, బెంగళూరు 080. ఇవన్నీ 08 కిందికే వస్తాయి. పోనీ అంకెలు లెక్కపెడదామా అంటే, సున్నాతో కలిపి రెండూ పదకొండే. పైగా ఇప్పుడు చాలా ప్లాన్లలో దేశంలో ఎక్కడికి మాట్లాడినా ఒకటే ఖర్చు. అందుకని ఈ రెంటినీ విడదీసే ప్రయాస వదిలేయండి. గట్టిగా ఆపాల్సింది ఐఎస్‌డీని.

ఫోన్లన్నిటినీ మూడు తరగతులుగా పెట్టుకుంటే చాలు. ఈపీఏబీఎక్స్ భాషలో దీన్ని క్లాస్ ఆఫ్ సర్వీస్ అంటారు. వరండాలో, క్యాంటీన్‌లో, లిఫ్ట్ దగ్గర ఉండే ఫోన్లకు లోపలి కాల్స్, అత్యవసర నంబర్లు మాత్రమే. సిబ్బంది బల్లల మీది ఫోన్లకు దేశమంతా. ఐఎస్‌డీ అవసరం నిజంగా ఉన్న ఒకరిద్దరికే మూడో తరగతి. వాళ్లకు కూడా కాల్ చేసిన ప్రతిసారీ రహస్య కోడ్ అడిగేలా పెట్టడం మంచిది. రాత్రివేళ, సెలవురోజుల్లో తరగతి దానంతటదే తగ్గే సౌకర్యం చాలా సిస్టమ్‌లలో ఉంటుంది. కాకపోతే పెట్టెలోని గడియారం సరిగా ఉందో లేదో ముందు చూడండి. బ్యాటరీ అయిపోయి తేదీ తప్పిన పెట్టె పట్టపగలే రాత్రి తాళం వేస్తుంది.

ఫిర్యాదులు ఎక్కువగా పుట్టే చోటు ఇంకొకటుంది. బయటి లైను కోసం ముందు సున్నా కొట్టే ఆఫీసులో, సెల్‌ఫోన్‌కు చేయాలంటే లైనుకు ఒక సున్నా, నంబరుకు ఇంకో సున్నా, తర్వాత పది అంకెలు. సిస్టమ్ మొదటి అంకె నుంచే చూసే రకమైతే అది రెండు సున్నాలుగా కనబడుతుంది. అక్కడ 00ను నిషేధిస్తే సెల్‌ఫోన్లన్నీ ఆగిపోతాయి. 000 అని రాయాలి. లైను తీసుకున్నాక వచ్చే అంకెలనే చూసే రకమైతే 00 సరిపోతుంది. మీది ఏ రకమో మాన్యువల్‌లో చూసుకుని, ఒక ఎక్స్‌టెన్షన్ మీద పరీక్షించాకే మిగతావాటికి పెట్టండి. కంప్యూటర్‌లో నడిచే ఐపీ సిస్టమ్ అయితే ప్లస్ గుర్తుతో మొదలయ్యే నంబర్లనూ ఆపాలి. సున్నాలను కట్టడి చేసి ప్లస్‌ను మరిచిపోవడం మామూలే. ఏ అంకె వచ్చినా బయటికి పంపే రూటు ఒకటి జాబితా చివర మిగిలిపోయి ఉంటే, పైన రాసినదంతా వృథా.

112, 100, 101, 108 నంబర్లు ప్రతి ఫోన్ నుంచీ వెళ్లాలి, ఏ తరగతిలో ఉన్నా సరే. కంగారులో ఉన్న మనిషికి లైను కోసం సున్నా కొట్టాలని గుర్తుండదు. కాబట్టి సున్నాతోనూ, సున్నా లేకుండానూ వెళ్లేలా పెట్టండి. ఎక్స్‌టెన్షన్లకు 101, 108, 112 లాంటి నంబర్లు ఇచ్చి ఉంటే మార్చేయండి. లేకపోతే అంబులెన్స్ కోసం కొట్టిన కాల్ అకౌంట్స్ సెక్షన్‌లో మోగుతుంది.

ముందు తలుపు మూసి పక్క దారులు వదిలేస్తే లాభం లేదు. ఎక్స్‌టెన్షన్‌ను విదేశీ నంబరుకు ఫార్వర్డ్ చేసి, బయటి నుంచి దానికి ఫోన్ చేస్తే కొన్ని సిస్టమ్‌లు నిషేధాన్ని చూడకుండానే కలిపేస్తాయి. బయటి ఫార్వర్డింగ్‌ను, ఒక బయటి లైనును ఇంకో బయటి లైనుకు కలపడాన్ని అవసరం లేని ఫోన్లకు తీసేయండి. బయటి నుంచి ఫోన్ చేసి కోడ్ కొట్టి ఆఫీసు లైను వాడుకునే డీసా సౌకర్యం వాడకపోతే ఆపేయండి. ఫ్యాక్టరీ పాస్‌వర్డ్ మార్చండి. కరెంటు పోయినప్పుడు చాలా పెట్టెలు బయటి లైనును నేరుగా ఒక ఫోన్‌కు కలుపుతాయి. అప్పుడు ఏ నిషేధమూ పనిచేయదు. ఆ ఫోన్ తాళం పడే గదిలో ఉండాలి. పెట్టెకు రాకముందే ఫ్యాక్స్ కోసం చీల్చిన లైను సంగతీ అంతే.

ఇంటర్నెట్ పద్ధతిలో నడిచే సిప్ లైన్లున్న చోట మోసగాళ్లు సాధారణంగా రాత్రుళ్లు, సెలవుల్లో చొరబడి ఖరీదైన విదేశీ నంబర్లకు వరసగా కాల్స్ పంపుతారు. ఐఎస్‌డీ అసలు అక్కర్లేకపోతే లైను ఇచ్చే కంపెనీకే రాసి, వాళ్ల వైపునే ఆపించండి. మీ పెట్టె పాస్‌వర్డ్ పోయినా ఆ తాళం మిగులుతుంది.

అంతా అయ్యాక సెట్టింగులు సేవ్ చేసి, ఒక కాపీ వేరే చోట పెట్టండి. సేవ్ చేయని పెట్టె రీస్టార్ట్ కాగానే పాత హద్దులకే పోతుంది. తర్వాత తరగతికో ఫోన్ తీసుకుని సెల్‌ఫోన్, వేరే ఊరి ల్యాండ్‌లైన్, 1800 నంబరు, 00, ఫార్వర్డింగ్ వరసగా చూడండి. 112కు పరీక్ష కాల్ చేస్తే మధ్యలో పెట్టేయకుండా, పరీక్ష కోసం చేశామని చెప్పండి. వారానికోసారి కాల్ రికార్డుల నివేదిక తీసి, 00తో మొదలైనవి, అర్ధరాత్రి దాటాక వెళ్లినవి ఏ ఎక్స్‌టెన్షన్ నుంచి వెళ్లాయో చూస్తూ ఉండండి. నమస్కారం.