టబ్బులో గడ్డకట్టిన పేస్టు

అందరికీ నమస్కారమండి. సైన్స్ డే కాబట్టి రామన్ గారి గురించి నాలుగు ముక్కలు చెప్పమన్నారు. ఆయన రామన్ ఎఫెక్ట్ కనిపెట్టిన 1928 ఫిబ్రవరి 28 సంగతి పిల్లలు బోర్డు మీద చక్కగా రాశారు. నేను ఒక ప్లాస్టిక్ టబ్బు గురించి చెబుతాను.

మూడేళ్ల కిందట మన డ్వాక్రా ఆడవాళ్లు గిన్నెలు తోమే లిక్విడ్ తయారీ మొదలెట్టారు. టబ్బులో సబ్బు పేస్టు. ఒకావిడ చెంబుతో కొంచెం కొంచెం నీళ్లు పోస్తూ కలిపింది. పల్చబడాల్సింది పోయి జున్నులా బిగిసింది. కర్ర నిలువుగా నిలబడిపోయింది! "నువ్వే పాడుచేశావు" అని సరుకు డబ్బంతా ఆవిడ దగ్గరే వసూలు చేశారు. నన్నడిగితే "కల్తీ ఏమో" అనేశాను. ఆ మాట నన్ను ఇప్పటికీ పీకుతోంది.

కల్తీ కాదండి. ఆ పేస్టులో సబ్బు పదార్థం దాదాపు 70 శాతం. అంత చిక్కగా ఉన్నప్పుడు దాని అణువులు మన ఆత్రేయపురం పూతరేకుల్లా పొరలు పొరలుగా ఉంటాయి. పొర మీద పొర జారుతుంది, అందుకే పేస్టు కదులుతుంది. కాసిని నీళ్లు తగలగానే అవే అణువులు కడ్డీల్లా చేరి, వెదురు మోపు కట్టినట్టు బిగుస్తాయి. ఇంకా పోస్తే మోపు విడిపోతుంది. నీటి పాళ్లను బట్టి ఇలా దశ మారేవాటిని లయోట్రోపిక్ ద్రవస్ఫటికాలంటారు.

నీళ్లు పెరిగేకొద్దీ పూతరేకుల దశకీ మోపు దశకీ మధ్య సన్నటి సందులో ఇంకో దశ వస్తుంది, క్యూబిక్ దశ. ఇది చెప్పకుండా ఉండలేను. ఫ్రాన్సులో పావెల్ పియెరాన్‌స్కీ, ఆయన తోటివాళ్లు చుట్టూ గాలిలో తేమను అదుపులో పెట్టి అలాంటి చుక్కల్ని మైక్రోస్కోపులో చూశారు. గుండ్రంగా ఉండాల్సిన చుక్కకి పటికబెల్లం పలుకులా నున్నటి పలకలు! లోపల బోలెడు నీళ్లు, అణువులు కదులుతూనే ఉంటాయి. అయినా అల్లిక మూడు దిక్కులా ఒకే క్రమంలో ఉంటుంది. ఆ క్రమానికి కుదిరిన దిక్కుల్లో చుక్క ఉపరితలం చదునుగా నిలుస్తుంది.

ఆ టబ్బులోదీ ఈ సైన్సే. కాలవ గట్టున పారబోశారు గానీ, సరిపడా నీళ్లు పోసి రాత్రంతా వదిలేస్తే కరిగిపోయేది. ఈసారి పేస్టులో నీళ్లు పోయకండి, నీళ్లలో పేస్టు వేస్తూ కలపండి.

ఆ అమ్మ అదిగో, వెనక వరసలో కూర్చుంది. అమ్మా, తప్పు మీది కాదు. లీడరు గారూ, ఆవిడ దగ్గర ఎంత వసూలు చేశారో సంఘం పుస్తకంలో ఉంటుంది. దయచేసి తిరిగి ఇచ్చేయండి. ఇవాళే, ఇక్కడే.