ఫొటోలో నాయనమ్మ రెప్ప వేసింది: రెండు ఫొటోలు కలిపి ఒకటి చేద్దాం

నమస్తే అండి. స్క్రీన్ మీద ఉన్నది మా గృహప్రవేశం ఫొటో. మొత్తం 11 మందిమి. అంతా బాగానే ఉంది కానీ, సరిగ్గా క్లిక్‌మనే సమయానికి నాయనమ్మ రెప్ప వేసింది. వెంటనే తీసిన రెండోది చూడండి. నాయనమ్మ చక్కగా నవ్వుతోంది, మా తమ్ముడేమో ఆవలిస్తున్నాడు! అందుకే మొదటి ఫొటోలోకి ఈ నాయనమ్మను తెచ్చుకుందాం.

సాఫ్ట్‌వేర్ గింప్. 1996 నుంచీ ఉంది, పూర్తిగా ఉచితం. ఫొటోషాప్ ఉన్నవాళ్లు అందులో చేసుకోండి, పద్ధతి అదే.

మొదటి ఫొటో తెరిచాక ఫైల్ మెనూలో ‘ఓపెన్ యాజ్ లేయర్స్’ నొక్కి రెండోది తీసుకోండి. అది పైన లేయర్‌గా, అంటే ఇంకో పొరగా వచ్చి కూర్చుంటుంది. స్టాండ్ లేకుండా చేత్తో తీశాం కదా, రెండూ అచ్చంగా ఒకదానిమీద ఒకటి పడవు. పై లేయర్ మోడ్‌ను ‘డిఫరెన్స్’కి మార్చండి. రెండు ఫొటోలూ ఎక్కడ ఒకేలా ఉంటే అక్కడ నల్లగా కనిపిస్తుంది. ఎం నొక్కి మూవ్ టూల్ తీసుకుని, నాయనమ్మ వెనక ఉన్న గుమ్మం, తోరణం నల్లబడేదాకా కొద్దికొద్దిగా జరపండి. ఫొటో అంతా కలవాలని పట్టుబట్టొద్దు, నాయనమ్మ చుట్టుపక్కల కలిస్తే చాలు. కుదిరాక మోడ్‌ను మళ్లీ ‘నార్మల్’కి తెచ్చేయండి.

ఇక్కడ చాలామంది ఎరేజర్ పట్టుకుని పై ఫొటోను చెరిపేస్తారు. నేనూ మొదట్లో అదే చేసేవాణ్ణి. ఒక చెవి ఎక్కువ చెరిగిందంటే మళ్లీ మొదటికే! దాని బదులు మాస్క్ వాడదాం, అంటే ఫొటోను చెరపకుండా దాచే ముసుగు. పై లేయర్ మీద రైట్ క్లిక్ చేసి ‘యాడ్ లేయర్ మాస్క్’, అందులో ‘బ్లాక్’ ఎంచుకోండి. రెండో ఫొటో మొత్తం మాయమవుతుంది. కంగారు పడకండి, దాక్కుందంతే.

ఇప్పుడు అంచులు మెత్తగా ఉన్న బ్రష్, తెల్ల రంగు. మాస్క్ మీదే క్లిక్ చేశారో లేదో చూసుకోండి, లేకపోతే ఫొటో మీదే సున్నం కొట్టినట్టవుతుంది. నాయనమ్మ మొహం మీద రుద్దుతుంటే నవ్వు బయటికొస్తుంది, చూశారా? ఎక్కువ రుద్దేస్తే ఎక్స్ నొక్కండి, రంగు నలుపుకి మారుతుంది. దాంతో మళ్లీ దాచేయొచ్చు.

కళ్ల వరకే మార్చి ఊరుకుంటే కుదరదండి. రెండో ఫొటోలో తల కాస్త వంగింది, అందుకని నాకు ఒకే చెవికి రెండు బుట్టకమ్మలు వచ్చాయి. జుట్టు నుంచి మెడ దాకా మొత్తం తీసుకున్నాకే సరిపోయింది. పక్కవాళ్ల భుజం అంచు మాత్రం బ్రష్ చిన్నది చేసుకుని, బాగా జూమ్ చేసి చూసుకోండి.

లేయర్ జరిపినా అడుగున మొదటి ఫొటో ఉంది కాబట్టి అంచుల్లో ఖాళీలు రావు. ఇక ‘ఎక్స్‌పోర్ట్ యాజ్’తో జేపెగ్ తీసి వాట్సాప్ గ్రూపులో పెట్టేయండి. గింప్ సొంత ఫైల్ అయిన ఎక్స్‌సీఎఫ్ కూడా సేవ్ చేయండి, లేయర్లన్నీ అందులోనే ఉంటాయి. నాది ఇంకా డెస్క్‌టాప్ మీదే ఉంది. ఎందుకంటే, తన మొహం కూడా మార్చమని మా పిన్ని పొద్దున్నే మెసేజ్ పెట్టింది.