పట్టుకున్న చేతిని కొడితే పట్టు వదులుతుందా?

చర్చలో: వ్యాఖ్యాత, ఆత్మరక్షణ నేర్పే కరాటే మాస్టారు, ఎముకల డాక్టరు

వ్యాఖ్యాత: నమస్కారం. చేతి మీద ఫలానా చోట ఒక్క దెబ్బ వేస్తే చెయ్యి చచ్చుబడిపోతుందని వీడియోల్లో చూపిస్తున్నారు. మాస్టారూ, ఇందులో నిజమెంత?

మాస్టారు: దెబ్బ పనిచేస్తుందండీ, అక్కడ చూపించినంత మాత్రం కాదు. ఎదుటివాడు మీ మణికట్టు పట్టుకున్నప్పుడు వాడి చెయ్యి చాచి, బిగుసుకుని, ఒకచోట ఆగి ఉంటుంది. గురి కుదిరేది అప్పుడే. గుద్దడానికి దూసుకొస్తున్న చేతి మీద రూపాయి బిళ్లంత చోటు వెతుక్కునే టైము ఎవరికీ ఉండదు. అందుకే దీన్ని పట్టు విడిపించుకోవడానికే నేర్పాలి.

వ్యాఖ్యాత: ఆ చోటు ఎక్కడ?

మాస్టారు: ముందు మీ చేతి మీదే చూసుకోండి. మోచేయి మడిచి, బొటనవేలు పైకి ఉండేలా పిడికిలి బిగించి, బల్ల అడుగుకి ఆనించి పైకి ఎత్తబోండి. ముంజేతి మీద బొటనవేలి వైపు ఒక కండ తాడులా లేస్తుంది. మోచేతి మడత నుంచి మణికట్టు వైపు మూడు వేళ్ల వెడల్పు కొలిచి, ఆ కండలోకి గట్టిగా నొక్కండి. సలుపు కిందికి పాకిందా, అదే చోటు.

డాక్టరు: అక్కడ కండ కింద రేడియల్ నరం రెండు పాయలవుతుంది. ఒకటి బొటనవేలి వెనక చర్మానికి స్పర్శనిస్తుంది, రెండోది వేళ్లను చాచే కండరాలకు వెళుతుంది. అసలు సంగతి ఇక్కడే ఉంది. వేళ్లు ముడిచి పట్టు బిగించే కండరాలను నడిపేది ఈ నరం కాదు, మీడియన్, అల్నార్ నరాలు. కాబట్టి ఈ దెబ్బతో పట్టు తెగిపోదు. నొప్పికీ ఉలికిపాటుకీ రెప్పపాటు సడలుతుంది, అంతే.

వ్యాఖ్యాత: రెప్పపాటు సరిపోతుందా మాస్టారూ?

మాస్టారు: విడిపించుకోవడం వచ్చినవాళ్లకు సరిపోతుంది. వాడు కుడిచేత్తో మీ ఎడమ మణికట్టు పట్టుకున్నాడనుకోండి. మీ కుడి పిడికిలిని సుత్తిలా, చిటికెన వేలి వైపు మెత్తటి అంచు తగిలేలా దించండి. దెబ్బ కండ మీద జారిపోకూడదు, లోపలి ఎముక వైపు దిగాలి. ఆ ఊపులోనే మీ మణికట్టు సన్నటి అంచును వాడి బొటనవేలికీ మిగతా వేళ్లకూ మధ్య సందు వైపు తిప్పి, మీ మోచేతిని వాడి మోచేతి వైపు తోస్తూ లాగేయండి. చాలామంది కొట్టాక, పనిచేసిందా లేదా అని చూస్తూ ఆగిపోతారు. ఈలోగా పట్టు మళ్లీ బిగుస్తుంది. ఇంకొందరు వేళ్ల మొనలతో పొడుస్తారు, వాళ్ల వేలే బెణుకుతుంది.

డాక్టరు: లాగేటప్పుడు వాడి మణికట్టు లోపలికి వంగితే ఇంకా మంచిది. మీరే మణికట్టును పూర్తిగా లోపలికి వంచి పిడికిలి బిగించి చూడండి, వేళ్లు బిగుసుకోవు.

వ్యాఖ్యాత: మోచేతి వెనక తగిలితే కరెంటు షాక్ కొట్టినట్టు జివ్వుమంటుంది కదా. అక్కడ కొట్టకూడదా?

డాక్టరు: అది అల్నార్ నరం. ఎముక గాడిలో, చర్మం కిందే ఉంటుంది. పట్టుతో నేరుగా సంబంధం ఉన్నదే. కానీ మీ ఎదురుగా ఉన్నవాడి చేతికి ఆ గాడి సాధారణంగా కిందికో వెనక్కో తిరిగి ఉంటుంది. తలుపు తగలడం వేరు, గురిచూసి కొట్టడం వేరు.

వ్యాఖ్యాత: మన మర్మస్థానాల మాటేమిటి?

మాస్టారు: సుశ్రుత సంహిత 107 మర్మాలు చెప్పింది, ఒక్కో చేతికి 11. మోచేతి దగ్గరి కూర్పరం దెబ్బతింటే అవిటితనం వస్తుందని, మణికట్టు దగ్గరి మణిబంధం దెబ్బతింటే తీవ్రమైన నొప్పి అని విడదీసింది. శస్త్రవైద్యుడు కత్తి పెట్టేటప్పుడు ఎక్కడ జాగ్రత్త పడాలో తెలియడానికి ఆ జాబితా. కేరళ యుద్ధకళ కళరిపయట్టులో మర్మవిద్యతోపాటు చికిత్స కూడా నేర్పడం నాకు చాలా సబబుగా అనిపిస్తుంది.

డాక్టరు: నేర్చుకునేవాళ్ల చేతుల గురించే నా భయం. జబ్బ వెనకనుంచి బయటివైపు తిరిగేచోట రేడియల్ నరం ఎముకనే ఆనుకుని వెళుతుంది. అక్కడ గట్టిదెబ్బ పడితే మణికట్టు లేవకుండా వేలాడిపోవచ్చు. అలా అయితే రేపటికి సర్దుకుంటుందిలే అని ఆగకండి. జబ్బ ముందు కండ మీద పదేపదే దెబ్బలు పడితే, కమిలినచోట కొన్ని వారాల్లో కండలోనే ఎముక పెరగవచ్చు.

మాస్టారు: అందుకే జతగాడి ముంజేతికి ప్యాడ్ కట్టాలి, బలం పదింట మూడు వంతులు మించకూడదు. పూర్తి బలం బస్తా మీద చూపించండి. ఎదుటివాడు మందపాటి జాకెట్ వేసుకున్నా, తాగి ఉన్నా ఈ దెబ్బను నమ్ముకోవద్దు. బొటనవేలి సందు వైపు లాగడమే అప్పుడు దిక్కు. చెయ్యి విడిపించుకున్నాక రెండో దెబ్బ వద్దు, పరుగే. భారతీయ న్యాయ సంహిత 37వ సెక్షన్ కూడా రక్షణకు అవసరమైనంత వరకే అంటుంది.

వ్యాఖ్యాత: కమిలినచోట నూనె రాసి మర్దనా చేస్తుంటారు కదా డాక్టర్ గారూ?

డాక్టరు: వద్దేవద్దు. తొలి రెండు మూడు రోజులు మర్దనా, కాపడం రెండూ మానండి. గుడ్డలో చుట్టిన ఐసు 15 నిమిషాలు, రోజుకు మూడు నాలుగు సార్లు పెట్టండి. మోచేయి చాచడం రోజురోజుకూ కష్టమవుతున్నా, కండలో గట్టి ముద్ద తగిలినా ఎక్స్‌రే తీయించాలి. తొలి వారంలో తీస్తే ఏమీ కనబడకపోవచ్చు, మూడు నాలుగు వారాలకు మళ్లీ తీయించండి.