బూట్‌లోనే పక్కన పెట్టే మెమరీ: కెర్నల్ సెట్టింగులు

అందరికీ నమస్కారం. వరంగల్, కాజీపేట కాలేజీల పిల్లలతో పాటు కరీంనగర్, మంచిర్యాల నుంచి కూడా వచ్చారు. చాలామంది చేతిలో ఉండేది 8 జీబీ లాప్‌టాప్ కాబట్టి లెక్కలన్నీ దానికే చెబుతాను.

లినక్స్ కెర్నల్ (సిస్టంకు గుండెకాయ లాంటి ప్రోగ్రామ్) లేచిన కొత్తలో మెమరీ పంచేది అందులోని మెమ్‌బ్లాక్ అనే భాగం. ర్యామ్ ఏ అడ్రసు నుంచి ఏ అడ్రసు దాకా ఉంది, అందులో ఏది రిజర్వు అయింది, ఈ జాబితాలతోనే అది పని నడిపిస్తుంది. తర్వాత మిగిలిన పేజీలన్నీ (పేజీ అంటే మెమరీలో ఒక ముక్క) బడ్డీ అలొకేటర్‌కు, అంటే అక్కణ్నుంచి మెమరీ పంచే భాగానికి, అప్పజెబుతుంది. ఎక్స్86 మీద బడ్డీ మామూలుగా ఒక్కసారికి ఇవ్వగలిగిన పెద్ద ముక్క 4 ఎంబీ. 1 జీబీ హ్యూజ్‌పేజీలు, అంటే ఒక్కొక్కటీ ఏకముక్కగా 1 జీబీ ఉండే పేజీలు, కావాలంటే బూట్‌లోనే అడగమనేది అందుకే. హన్మకొండ బస్టాండులో ఖాళీ బస్సు ఎక్కితే నలుగురికీ పక్కపక్కన సీట్లు దొరుకుతాయి. సగం నిండినాక సీట్లున్నా తలో మూల కూర్చోవాల్సిందే.

బూట్ అయ్యేటప్పుడు కెర్నల్‌కు ఇచ్చే కమాండ్ లైనులో ఇవి అడుగుతాం. అడిగే వరుస ముఖ్యం. హ్యూజ్‌పేజెస్‌జెడ్=1జి (పేజీ సైజు) ముందు రాయాలి, హ్యూజ్‌పేజెస్=2 (ఎన్ని పేజీలు) తర్వాత. తారుమారైతే ఆ 2 డిఫాల్ట్ సైజుకు, అంటే 2 ఎంబీ పేజీలకు పడుతుంది. 2 జీబీ అనుకున్నది 4 ఎంబీ అవుతుంది. కెర్నల్ మాత్రం ఆగదు, మెషిన్ మామూలుగానే లేస్తుంది. పేరులో అక్షరం తప్పు పడినా అంతే.

ఎక్కువ అడిగితే వచ్చే తిప్పలు వేరు. 8 జీబీలో 6 పేజీలు అడిగారనుకోండి, ఆ 6 జీబీ మామూలు ప్రోగ్రాములకు అందదు, స్వాప్‌కూ (మెమరీ చాలనప్పుడు వాడే డిస్కు చోటు) పోదు. ఖాళీగా పడి ఉన్నా 'ఫ్రీ' కమాండ్ దాన్ని వాడినట్టే చూపిస్తుంది. డెస్క్‌టాప్ వచ్చినా, బ్రౌజర్‌లో నాలుగు ట్యాబులు తెరిచేసరికి మెమరీ చాలనప్పుడు ప్రోగ్రాములను చంపే ఓఓఎం కిల్లర్ దిగొచ్చు. 8 జీబీ మెషిన్‌లో 2 దాటొద్దని నా మాట.

క్రాష్‌కెర్నల్=256ఎం కూడా ఇదే జాతి. మెషిన్ క్రాష్ అయితే మెమరీ నకలు, అంటే డంప్, తీసే రెండో కెర్నల్‌కు చోటు పక్కన పెడుతుంది. నడుస్తున్న మెషిన్‌లో దాన్ని తగ్గించుకోవచ్చు, పెంచలేం. మరీ తక్కువ పెడితే డంప్ తీయాల్సిన రెండో కెర్నల్‌కే మెమరీ చాలక, క్రాష్ అయిన రోజు చేతికేమీ రాదు.

ఇక మార్చే పద్ధతి. నేరుగా ఫైల్లో రాయకండి. గ్రబ్ (కెర్నల్‌ను లేపే బూట్ ప్రోగ్రామ్) మెనూలో 'ఇ' నొక్కి, 'లినక్స్' అని మొదలయ్యే లైను చివర చేర్చి, కంట్రోల్-ఎక్స్ కొట్టండి. అది ఆ ఒక్క బూట్‌కే. చెడితే రీస్టార్ట్ చేస్తే పాతదే వస్తుంది. లేచాక ప్రాక్ కింద సీఎండీలైన్ ఫైలు చూడండి, రాసింది రాసినట్టు చేరిందా అని. మెమరీలో ఒక భాగాన్ని పక్కన పెట్టడానికి మెమ్‌మ్యాప్ సెట్టింగులో డాలర్ గుర్తు వాడినవాళ్లు మరీ జాగ్రత్త, గ్రబ్ దాన్ని తన వేరియబుల్ అనుకుని మింగేస్తుంది. తర్వాత అదే ప్రాక్ కింద మెమ్‌ఇన్ఫో ఫైలు చూడండి. అక్కడి హ్యూజ్‌పేజెస్ టోటల్ డిఫాల్ట్ సైజుదే. 1 జీబీ పేజీల లెక్క సిస్ కింద కెర్నల్, ఎంఎం, హ్యూజ్‌పేజెస్ ఫోల్డర్లో ఉంటుంది.

అంతా సరిపోయాకే ఈటీసీ, డిఫాల్ట్ కింది గ్రబ్ ఫైల్లో రాసి, ఉబుంటులో అప్‌డేట్-గ్రబ్ నడపండి. అందులో గ్రబ్_సీఎండీలైన్_లినక్స్ అని మొదలయ్యే రెండు లైన్లుంటాయి. చివర 'డిఫాల్ట్' అని ఉన్నదాంట్లోనే రాయండి. రెండోది రికవరీ మోడ్‌కూ వర్తిస్తుంది. అందులో రాస్తే, మెషిన్ లేవని రోజు రికవరీ కూడా అదే సెట్టింగు దగ్గర ఆగిపోతుంది.