ఏ స్టేషన్‌లో ఎక్కుదాం?

శ్రోతలకు నమస్కారం. హైదరాబాద్‌లో రైలెక్కాలంటే చాలామందికి ముందు గుర్తొచ్చేది సికింద్రాబాదే. 1874 నాటి స్టేషన్ మరి, అలవాటు ఎక్కడికి పోతుంది! కానీ టికెట్ తీసుకునేటప్పుడు ఇంటి నుంచి స్టేషన్ దాకా పట్టే దారినీ, ఆటో ఖర్చునూ కూడా లెక్కలో వేసుకోండి.

దిల్‌సుఖ్‌నగర్, మలక్‌పేట వైపు ఉండేవాళ్లు కర్నూలుకో తిరుపతికో వెళ్లాలంటే కాచిగూడ నుంచి బండి ఉందేమో చూసుకోవాలి. 1916లో కట్టిన ఆ స్టేషన్ గుమ్మటాలతో చూడముచ్చటగా ఉంటుంది. పెద్దవాళ్లను వెంటబెట్టుకుని వెళ్లేటప్పుడు సికింద్రాబాద్ రద్దీ కంటే అదే నయమని నా అభిప్రాయం.

నాంపల్లి పేరు టికెట్ మీద హైదరాబాద్ దక్కన్ అని ఉంటుంది. కొత్తవాళ్లు తికమకపడేది అక్కడే. పట్టాలు అక్కడితో ఆఖరు. అక్కడ బయల్దేరే బళ్లు మామూలుగా కాస్త ముందే ప్లాట్‌ఫామ్ మీదికొస్తాయి, సామాను తాపీగా సర్దుకోవచ్చు. మెట్రో కూడా దగ్గరే.

ఇక చర్లపల్లి. 2025 జనవరిలో కొత్త టెర్మినల్ మొదలైంది. సికింద్రాబాద్‌లో పునర్నిర్మాణం సాగుతుండటంతో కొన్ని రైళ్లు ఇటు మళ్లాయి. ఈసీఐఎల్, కుషాయిగూడ వాళ్లకు పండగే. మెహదీపట్నం వాళ్లకు మాత్రం టెన్షన్. మెట్రో అక్కడిదాకా లేదు, హబ్సిగూడలోనో ఉప్పల్‌లోనో దిగి బస్సో ఆటోనో పట్టాలి. తెల్లవారుజామున బండి ఉంటే ఆ సంగతి ముందే ఆలోచించుకోవాలి. టికెట్ మీద సీహెచ్‌జెడ్ అని ఉంటే అది చర్లపల్లి. ఎస్‌సీ అంటే సికింద్రాబాద్.

ఊరి నుంచి తిరిగొచ్చేటప్పుడు ఇంకో తమాషా. గౌతమి, నారాయణాద్రి లాంటి బళ్లు లింగంపల్లి దాకా వెళ్తాయి. గచ్చిబౌలి వెళ్లాల్సినవాళ్లు కూడా సికింద్రాబాద్ రాగానే బ్యాగులు దించేస్తారు, ఎందుకో! అదే సీట్లో ఇంకాసేపు కూర్చుంటే నగరం అడ్డంగా దాటేసినట్టే.

టికెట్ ఒక స్టేషన్ నుంచి ఉండి, దారిలో ఇంకోచోట ఎక్కాలనుకుంటే చార్ట్ తయారు కాకముందే ఆన్‌లైన్‌లో బోర్డింగ్ స్టేషన్ మార్చుకోవచ్చు. అలా మార్చాక మళ్లీ మొదటి స్టేషన్‌లోనే ఎక్కుతానంటే కుదరదు. సికింద్రాబాద్‌లోనే ఎక్కేవాళ్లకు ఒక్కమాట: మీ బండి పదో నంబరు ప్లాట్‌ఫామ్ మీదికొస్తుందని తెలిస్తే, ఆటో ఎక్కేటప్పుడే బోయిగూడ వైపు అని చెప్పండి. ఒకటో నంబరు వైపు దిగితే సామానుతో వంతెన మొత్తం దాటాలి.

సెలవు, నమస్కారం.