నిరుద్యోగం తక్కువగా ఉంటే భయం లేనట్టేనా? ఫ్రెడ్‌లో మనమే చూసుకుందాం

హలో అండీ. అమెరికాలో ఎకానమీ బ్రహ్మాండంగా ఉంది, ఉద్యోగాలకు కొదవ లేదు అని వార్త వచ్చిన ప్రతిసారీ నన్ను అందరూ అడిగేది ఒకటే, ఇదెన్నాళ్లు నిలుస్తుంది అని. తేదీ ఎవరూ చెప్పలేరు గానీ, నిలిచేలా ఉందా, కింద కదలిక మొదలైందా అన్నది మాత్రం మనమే చూసుకోవచ్చు. పదండి.

ఇదిగో ఫ్రెడ్, ఎకానమీ లెక్కలన్నీ గ్రాఫ్‌లుగా చూపించే సైట్, సెయింట్ లూయిస్ ఫెడరల్ రిజర్వ్ బ్యాంకు నడుపుతుంది, ఫ్రీ. పైన సెర్చ్‌లో యూఎన్‌రేట్ (UNRATE) అని కొట్టండి, ఎంటర్. వచ్చేసింది. ఇది నిరుద్యోగ రేటు, ఈ బూడిద రంగు పట్టీలు రిసెషన్లు, అంటే ఆర్థిక మాంద్యం ఉన్న కాలాలు. కొంచెం జూమ్ చేస్తున్నా, ఇక్కడ చూడండి, 2007 మే, 4.4 శాతం. ఎంత ప్రశాంతంగా ఉందో చూడండి. అదే ఏడాది డిసెంబరులో రిసెషన్ మొదలైంది, 2009 అక్టోబరుకి రేటు 10కి చేరింది. ఇంకో మాట, ఆ రిసెషన్ మొదలైందని, అమెరికాలో రిసెషన్ తేదీలు తేల్చే ఎన్‌బీఈఆర్ కమిటీ ప్రకటించింది 2008 డిసెంబరులో, అంటే ఏడాది తర్వాత! అందుకే రేటు తక్కువగా ఉంది కాబట్టి ఫరవాలేదు అనే లెక్క పనికిరాదు. ఎంత ఉంది అని కాదు, ఎటు వెళ్తోంది అని చూడాలి.

ఎడిట్ గ్రాఫ్ నొక్కండి, యూనిట్స్‌లో ఏడాది క్రితంతో పోలిస్తే మార్పు, అది ఎంచుకోండి. పర్సెంట్ అని ఉన్నది వద్దు, శాతానికి మళ్లీ శాతం తీస్తే 4 నుంచి 5కి పెరిగింది కూడా 25 అని చూపిస్తుంది. ఓకే.

ఇక్కడే సామ్ రూల్ గురించి చెప్పాలి. క్లాడియా సామ్ అనే ఎకనామిస్ట్ పెట్టిన లెక్క. మూడు నెలల సగటు నిరుద్యోగ రేటు, అంతకుముందు పన్నెండు నెలల్లో అదే సగటు తాకిన కనిష్ఠం కంటే అర శాతం పాయింటు పెరిగితే రిసెషన్ మొదలైనట్టే అని. పాత లెక్కలకు బాగా సరిపోయింది. 2024 ఆగస్టులో జులై లెక్కలు రాగానే ఆ గీత దాటింది, అందరికీ టెన్షన్, కానీ రిసెషన్ రాలేదు. ఎందుకంటే రేటు రెండు రకాలుగా పెరుగుతుంది. ఉన్న ఉద్యోగాలు ఊడితే పెరుగుతుంది, కొత్తగా ఉద్యోగం వెతుక్కునేవాళ్లు ఎక్కువైనా పెరుగుతుంది. అప్పుడు రెండోదాని వాటా చాలా ఉంది. మరి ఏ రకమో ఎలా తెలుస్తుంది? నిరుద్యోగ భృతికి కొత్తగా ఎంతమంది దరఖాస్తు పెట్టారో చూడాలి. ఇది వారం వారం వస్తుంది, మామూలుగా గురువారం పొద్దున.

ఇక్కడ నెమ్మదిగా చూడండి, ఈ ఒక్క చోట నేను దెబ్బతిన్నాను. సెర్చ్‌లో ఐసీఎస్ఏ కొట్టాలి. ఐసీఎన్ఎస్ఏ కాదు. మధ్యలో ఒక్క ఎన్ తేడా, అంతే. ఆ ఎన్ ఉన్నది సీజన్ సర్దుబాటు చేయని లెక్క, అంటే ఏటా ఒకే సమయంలో వచ్చే హెచ్చుతగ్గులను తీసేయనిది. రెండూ ఒకే గ్రాఫ్‌లో పెడుతున్నా చూడండి, ఈ ఎన్ ఉన్న గీత ప్రతి జనవరికీ ఎలా నిటారుగా లేస్తోందో. పండగ సీజన్‌కి తీసుకున్న తాత్కాలిక సిబ్బందిని పంపేస్తారు కదా, అది. నేను ఒక జనవరిలో ఈ గీత చూసి, ఉద్యోగం మారదామనుకుంటున్న నా ఫ్రెండ్‌కి ఫోన్ చేసి, లేఆఫ్‌లు మొదలయ్యాయి, ఉన్నది వదలకు అని గట్టిగా చెప్పాను. తను చేతికొచ్చిన ఆఫర్ వద్దనుకున్నాడు. మూడు వారాల తర్వాత కోడ్‌లో ఆ ఎన్ కనిపించింది నాకు. ఇప్పటికీ బాధగానే ఉంటుంది. అందుకే గ్రాఫ్ తెరవగానే టైటిల్ కింద సీజనల్లీ అడ్జస్టెడ్ అని ఉందో లేదో చూడండి, నాట్ అని ఉంటే ఆగిపోండి.

నేనైతే ఐసీ4డబ్ల్యూఎస్ఏ వాడతాను, నాలుగు వారాల సగటు, ఒక సెలవు వారం వచ్చినా కంగారు పెట్టదు. కోడ్‌లన్నీ బ్రౌజర్ బుక్‌మార్క్‌లలో పెట్టుకుంటే సెర్చ్ కూడా అక్కర్లేదు.

అయితే దరఖాస్తులు తక్కువున్నాయని అక్కడితో ఆగకూడదు. కంపెనీలకు అనుమానం వస్తే ముందు తీసేయరు, కొత్తవాళ్లను తీసుకోవడం ఆపుతారు. అది ఇక్కడ కనపడదు. దానికి జేటీఎస్‌క్యూయూఆర్, తమంతట తాము ఉద్యోగం మానేసేవాళ్ల శాతం. ఇంకోటి దొరుకుతుందన్న ధైర్యం ఉంటేనే కదా ఎవరైనా మానేసేది! 2022 మొదట్లో ఇది 3 శాతం దగ్గర ఉంది, 2024 చివరికి 2 దగ్గరికి వచ్చేసింది, లేఆఫ్‌లు పెద్దగా లేకుండానే. ఉద్యోగం ఉన్నవాళ్లకు అంతా బాగున్నట్టే ఉంటుంది, చదువు ముగించి వెతుక్కునేవాళ్లకు మాత్రం తలుపులు మూసేసినట్టు ఉంటుంది. నాకు అన్నిటికంటే ముఖ్యమైన గీత ఇదే.

యాడ్ లైన్‌తో నిరుద్యోగ రేటు మార్పు, దరఖాస్తులు, మానేసేవాళ్ల శాతం, మూడూ ఒకే గ్రాఫ్‌లోకి తెచ్చేయండి, దరఖాస్తులకు కుడివైపు స్కేల్ పెట్టండి, లేకపోతే మిగతా రెండూ అడుగున అతుక్కుపోతాయి. లాగిన్ అయి సేవ్ చేసుకోండి. కొత్త లెక్క రాగానే గీత దానంతట అదే ముందుకు సాగుతుంది. పాత అంకెలు కూడా సవరిస్తుంటారు, కాబట్టి స్క్రీన్‌షాట్ దాచుకుని దాన్నే నమ్ముకోకండి, గ్రాఫే తెరవండి.